కెటిల్ నెత్తిన రంధ్రం ఎంత ఉండాలి

ప్రెషర్ రిలీఫ్, అంటే ఒత్తిడి మితిమీరితే బయటికి పోయే దారి, సైజు ఎలా కట్టాలో చెప్పమని కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడూ ఫోన్ చేస్తుంటారు. రిటైరయ్యాక కూడా నన్ను గుర్తుపెట్టుకున్నందుకు సంతోషమే. కానీ నా దగ్గర సూటిగా ఒక జవాబు ఉంటుందనుకుని చేస్తారు చూడండి, అక్కడే చిరాకు పుడుతుంది. సూత్రాలు మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సూత్రాలన్నీ పెట్టి కడితే తలో జవాబు వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు. అందుకని సూత్రం బదులు ఒక కెటిల్ కథ చెబుతాను. విన్నాక మీకు తెలివి వస్తే మంచిదే. నాకైతే గందరగోళమే మిగిలింది.

మాది బిలాస్‌పూర్. తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. నేను కెమికల్ ఇంజనీరింగ్ చదివి, రైల్వేని తప్పించుకున్నానని మురిసిపోతూ నాలుగు రాష్ట్రాలు తిరిగి, చివరి ఉద్యోగానికి మళ్ళీ ఇంటికే చేరాను. మంగ్లాలో ఇల్లు, రతన్‌పూర్ వెళ్ళే దారిలో చిన్న రెజిన్ ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇంజనీరు కొలువు. మా రెజిన్ ఎక్కడికి పోయేదంటే, రైళ్ళ బ్రేకు బ్లాకుల్లో పొడిని గట్టిగా పట్టి ఉంచే జిగురుగా పోయేది. తప్పించుకున్నావు కాదురా అని రైల్వే కాలనీలో పాత స్నేహితులు ఏడిపించేవారు.

చేసే పని చూడటానికి వంట లాంటిదే. ఫినాల్, ఫార్మాలిన్ పెద్ద ఉక్కు పాత్రలో పోస్తారు. పుస్తకాల్లో దాన్ని రియాక్టర్ అంటారు, మావాళ్ళకి అది కెటిల్. కెటిల్ చుట్టూ ఇంకో గోడ ఉంటుంది. మొదట ఆ రెండు గోడల సందులో ఆవిరి పంపి లోపలి సరుకుని వేడెక్కిస్తారు. ఒక వేడి దాటాక రియాక్షన్ అందుకుంటుంది. అక్కడి నుంచి మనం వేడి చెయ్యనక్కర్లేదు, అదే వేడెక్కిపోతూ ఉంటుంది. ఆవిరి కట్టేసి, అదే సందులోకి చల్లని నీళ్ళు వదిలి దాన్ని అదుపులో ఉంచాలి. అదుపు తప్పితే వేడికి రియాక్షన్ జోరందుకుంటుంది, ఆ జోరుకి వేడి ఇంకా పెరుగుతుంది. దాన్నే రన్‌అవే అంటారు. అప్పుడు కెటిల్ పగలకుండా నెత్తి మీద ఒక రంధ్రం, ఆ రంధ్రానికి పల్చటి లోహపు బిళ్ళ పెడతారు. ఒత్తిడి హద్దు దాటితే ఆ బిళ్ళ చిరిగి, లోపలిదంతా పైపు గుండా కప్పు మీదికి పోతుంది. మన ఇళ్ళలో కుక్కరుకి ఉండే సేఫ్టీ వాల్వు చేసే పనే అది.

ఆ రంధ్రం ఎంత ఉండాలి? ఇదే మొత్తం కథ.

ఆర్డర్లు పెరిగాయని కంపెనీ ఇంకో పెద్ద కెటిల్ కొంది. కొత్తది కాదు, ఎక్కడో మూతపడిన ఫ్యాక్టరీ నుంచి లారీ మీద వచ్చింది. లోపల ఏం వండేవారో ఎవరికీ తెలియదు. దాని నెత్తి మీద రంధ్రం టీ సాసరంత ఉంది. కాగితాల్లో రిలీఫ్ సరిపోతుందని రాసి ఉంది. మేనేజర్ ఆ కాగితం చూపించి, ఇక నీ సంతకం ఒక్కటే తరువాయి అన్నాడు. నేనూ సంతకం పెట్టేవాణ్ణేమో. అప్పుడే హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి కొత్తగా ఇంజనీరుగా చేరింది. ఆ అమ్మాయికి పెద్దల మాట అంటే గౌరవం ఉంది గానీ నమ్మకం లేదు. కాగితం మొత్తం చదివి నా గదికి వచ్చింది.

"సార్, ఇది బయట మంట అంటుకుంటే ఏమైతదని కట్టిండ్రు. మనకు మంట లోపలుంటది కద సార్."

ఆ మాట నిజం. బయట మంట లేస్తే కెటిల్ గోడల గుండా వేడి లోపలికి వెళ్ళి ద్రవం మరుగుతుంది, ఆ ఆవిరి బయటికి పోయేంత రంధ్రం చాలు. లోపలి ద్రవం గోడకి ఎంత మేర తగులుతోందో చూసి లెక్క కట్టేయచ్చు. చాలా చోట్ల ఆ లెక్కతోనే సరిపెట్టుకుంటారు, ఎందుకంటే అది కుదురుగా కూర్చునే లెక్క. రన్‌అవేలో మాత్రం వేడి ప్రతి బొట్టులోనూ పుడుతుంది.

సరే, ఇద్దరం కూర్చుని కట్టాం. బయట మంట లెక్కకి సాసరంత రంధ్రం చాలు, ఉన్నది సరిపోతుంది. రన్‌అవేలో వట్టి ఆవిరే బయటికి వస్తుందనుకుంటే అన్నం కంచమంత కావాలి. ఆవిరి కాకుండా నురగ వస్తుందనుకుంటే చేటంత కావాలి. కుక్కర్లో పప్పు మరీ ఎక్కువ పెడితే విజిల్లోంచి ఆవిరికి బదులు పసుపు నురగ కక్కుతుంది చూడండి, అదన్నమాట. నురగ బరువైనది, సన్నటి దారిలో తొందరగా కదలదు. లోపల మాత్రం ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది.

మరి మన రెజిన్ నురగ కక్కుతుందా, ఆవిరి వదులుతుందా? చిన్న సీసాలో పెట్టి ఆ అమ్మాయి ల్యాబులో పరీక్షలు చేసింది. ఒకసారి నురగ వచ్చింది. ఇంకోసారి రాలేదు. సరుకు వేరే డ్రమ్ములోంచి తీస్తే ఇంకో రకంగా వచ్చింది. చిన్న సీసాలో జరిగినట్టు పెద్ద కెటిల్లో జరగదని ఒక పుస్తకం, జరుగుతుందని ఇంకో పుస్తకం. తెలిసిన పెద్ద నిపుణుడొకాయనకి ఫోన్ చేస్తే, కంచానికీ చేటకీ మధ్య ఎంతో ఒకటి పెట్టుకోండి అన్నాడు. ఆయన్ని తిట్టుకున్నాను. ఆలోచిస్తే అంతకంటే మంచి సలహా నా దగ్గరా లేదు.

పైగా చేటంత రంధ్రం పెట్టడానికి ఆ కెటిల్ నెత్తి మీద చోటే లేదు. పైపులు, మోటారు, మనిషి దూరే మూత, వీటితో నిండిపోయి ఉంది. చివరికి మేనేజర్‌తో వారాల తరబడి వాదించి ఒక ఒప్పందానికి వచ్చాం. కెటిల్ పెద్దదైనా సరుకు సగానికే వెయ్యాలి. సరుకు సగమైతే పుట్టే వేడి సగం, నురగ లేవడానికి పైన ఖాళీ. అలాగైతే ఉన్న సాసరు రంధ్రంతో ఒక లెక్క ప్రకారం గట్టెక్కుతాం. ఇంకో లెక్క ప్రకారం గట్టెక్కం. ఆ రెండో లెక్క చూసి ఆ అమ్మాయి మొహం ముడుచుకుంది. నేను అన్నీ ఆలోచించి, కాదు, ఆలోచించి ఆలోచించి విసుగెత్తి, సగం సరుకుతో నడపచ్చని ఒప్పుకున్నాను.

ఆ కెటిల్‌కి షిఫ్ట్ ఇన్‌ఛార్జి ఎవరో చెప్పాలి. ఆయన మా కాలనీ మనిషే. వాళ్ళ నాన్నా మా నాన్నా ఒకే షెడ్‌లో పనిచేశారు. నాకంటే కాస్త పెద్దవాడు, చిన్నప్పటి నుంచీ నాకు అన్నయ్య. డ్యూటీలో అందరి ముందూ నన్ను సార్ అనేవాడు, పక్కకి రాగానే తమ్ముడూ అనేవాడు. చెయ్యి తిరిగిన పనివాడు. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. డ్యూటీలో తప్పు చేశావని ఇచ్చే ఛార్జిషీటు అన్న కాగితం మూడు తరాలుగా తమ ఇంటి గడప తొక్కలేదని ఎక్కడ సందు దొరికినా చెప్పుకునేవాడు. రైల్వే కాలనీల్లో పెరిగినవాళ్ళకి తెలుస్తుంది, ఆ మాటకి ఎంత విలువో. జీతం ఎంతన్నది ఎవరూ అడగరు. ఫలానావాడికి ఛార్జిషీటు వచ్చిందట అన్నది మాత్రం పిల్లల పెళ్ళిళ్ళ దాకా వెంటాడుతుంది.

నాకు దిగులు ఎందుకంటే, రియాక్షన్ అందుకునే వేళ ఆ అన్నయ్య కెటిల్ పక్కనే ఎత్తైన ప్లాట్‌ఫాం మీద నిలబడాలి. వేడి చూస్తూ, ఆవిరి కట్టి, నీళ్ళ చక్రం చేత్తో తిప్పాలి. ఆ కెటిల్‌కి అలా తప్ప వేరే ఏర్పాటు లేదు. రంధ్రం సరిపోకపోతే ముందుగా పోయేది ఆయనే. సాసరా కంచమా అని నేను చల్లటి గదిలో కూర్చుని తేల్చుకోలేకపోతున్నది ఆయన ప్రాణం గురించి.

మొదటి బ్యాచ్‌కి మేనేజర్ దసరా నవరాత్రుల్లో ఒక రోజు ఎంచాడు. ఆ రోజుల్లో మా గేటు ముందు నుంచి జనం రతన్‌పూర్ అమ్మవారి గుడికి కాలినడకన వెళ్తూనే ఉంటారు. కొందరు చెప్పులు కూడా వేసుకోరు. మావాళ్ళు ఏటా గేటు దగ్గర టెంటు వేసి వాళ్ళకి నీళ్ళు, షర్బత్, పూరీలు పెట్టేవారు. ఆ రోజు కెటిల్‌కి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, పూజ చేశారు. పనివాళ్ళ ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. పూజ అయ్యాక షెడ్ కింద ఎవరూ ఉండకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. పండగపూట ఈయన సేఫ్టీ గోల ఏమిటని మేనేజర్ విసుక్కున్నాడు గానీ, అందరినీ గేటు దగ్గర టెంటులోకి పంపాడు.

నేనూ ఆ అమ్మాయీ ఆఫీసు వరండాలో నిలబడి చూస్తున్నాం. వేడి ఎంత ఉందో ఇన్‌ఛార్జి ఫోన్లో చెబుతున్నాడు. మామూలుగా ఎక్కాల్సినంత తొందరగా ఎక్కడం లేదు. సగం సరుకు తొందరగా వేడెక్కాలి, ఇది పూర్తి కెటిల్ లాగా బద్ధకంగా ఉంది. పెద్ద గోడలు, పాత కెటిల్, ఉక్కు బరువు, అందుకే కాబోలని నేను సర్దిచెప్పుకున్నాను. ఆ అమ్మాయి మాత్రం ఇది లెక్కకి రాదు సార్ అంటోంది. ఇన్‌ఛార్జి ఆవిరి ఇంకాసేపు ఉంచుతానన్నాడు. ఉంచమన్నాను.

ఆ తర్వాత వేడి ఎక్కడం మొదలుపెట్టింది. మొదలెట్టాక ఆగలేదు. ఆవిరి కట్టేశానన్నాడు, నీళ్ళు వదిలానన్నాడు. నీళ్ళ చక్రం ఇంకా తిప్పుతున్నానన్నాడు. అయినా ఎక్కుతోంది. దిగి వచ్చెయ్యమని అరిచాను. చక్రం ఇంకో చుట్టు ఉందన్నాడు. ఆ తర్వాత ఫోన్లో మాట లేదు. పెద్ద చప్పుడైంది.

బిళ్ళ చిరిగింది. షెడ్ కప్పు మీద పైపులోంచి ఎర్రటి నురగ తాటిచెట్టంత ఎత్తుకి లేచి, పెరటి వైపు పడింది. షెడ్ రేకులు ఊగిపోయాయి. కార్బాలిక్ సబ్బు వాసన లాంటి ఘాటు కళ్ళలోకి కొట్టింది. మొదట పరిగెత్తింది ఆ అమ్మాయే, ఆమె వెనకాల నేను. కెటిల్ ఉందా పగిలిందా అని చూడలేదు, ప్లాట్‌ఫాం మెట్ల వైపే చూశాను. అన్నయ్య మెట్లు దిగి వస్తున్నాడు. మొహం పాలిపోయింది. ఒంటి మీద ఒక్క చుక్క పడలేదు. కింద నిలబడి, కెటిల్ వంక చూసి, మళ్ళీ నా వంక చూశాడు. నేను ఆయన్ని పట్టుకుని ఏడ్చేశాను.

కెటిల్ పగల్లేదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెరట్లో నిలబెట్టిన సైకిళ్ళూ, మేనేజర్ స్కూటరూ మాత్రం రెజిన్‌లో మునిగాయి. సాయంత్రానికి అది గట్టిపడి, స్కూటర్ సీటు మీద ఇటుకతో కొట్టినా చెక్కుచెదరనట్టు అయింది. మా రెజిన్ నాణ్యత మీద ఎవరికీ అనుమానం మిగల్లేదు.

అంతా సద్దుమణిగాక కెటిల్లో మిగిలిన సరుకు తీసి చూశాం. మరీ పల్చగా ఉంది. పల్చగా ఎందుకుందని ఆ అమ్మాయి అడిగితే, ఇన్‌ఛార్జి ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు.

"సగమే పొయ్యమన్నారు, సగమే పోసినాను. మిగిల్న సగం నీల్లు పట్టినాను. కొత్త గిన్ని ఎలితిగా పొయ్యెక్కకూడదని మాయమ్మ అనీది. నీల్లే గదా తమ్ముడూ, నీల్లు ఏటి సేస్తాయి?"

అందరి ముందూ తమ్ముడూ అన్నాడు. మన ఇళ్ళలో కొత్త గిన్నె మొదటిసారి పొయ్యి మీద పెడితే నిండుగా పెట్టి పొంగిస్తాం. గృహప్రవేశానికి పాలు పొంగకపోతే ఆడవాళ్ళు మొహాలు చిన్నబుచ్చుకుంటారు. ఆయనకి నవరాత్రి పూట కొత్త కెటిల్‌ని సగం ఖాళీగా వెలిగించడానికి మనసొప్పలేదు. అలాగని నా మాట దాటనూ లేదు. సరుకు సగమే వేశాడు. రెండు మర్యాదలూ నిలబెట్టాడు. పైన ఖాళీ ఉంచాలన్న సంగతి మేమెవరం నోటితో చెప్పలేదు. సగం వెయ్యమంటే మిగతాది ఖాళీగానే ఉంటుందని మేం అనుకున్నాం. దాన్ని ఎవరైనా నీళ్ళతో నింపుతారని ఏ సూత్రంలో ఉంది?

ఇప్పుడు మీరు చెప్పండి. ఆ నీళ్ళు మమ్మల్ని ముంచాయా, తేల్చాయా?

నేను ఒక వైపు నుంచి ఆలోచిస్తే, నీళ్ళవల్లే ఇదంతా జరిగింది. నీళ్ళు కలవబట్టి వేడెక్కడం ఆలస్యమైంది, ఆలస్యమైందని ఆవిరి ఎక్కువసేపు ఉంచాం, అందుకే రియాక్షన్ అందుకున్నప్పుడు పట్టుకోలేకపోయాం. కెటిల్ మెడ దాకా నిండి ఉంది కాబట్టి ఆవిరికి బదులు నురగ వచ్చింది. నురగకి సాసరు రంధ్రం చాలదు. ఆ లెక్కన కెటిల్ పగిలి ఉండాలి. అన్నయ్య బతికి ఉండకూడదు.

ఇంకో వైపు నుంచి ఆలోచిస్తే, ఆ నీళ్ళే ఆయన్ని కాపాడాయి. పుట్టిన వేడిలో చాలా భాగం ఆ నీళ్ళు తాగేశాయి. సరుకు పల్చబడి రియాక్షన్ జోరు తగ్గింది. జోరు తగ్గబట్టే ఆ చిన్న రంధ్రం తట్టుకుంది. నీళ్ళు లేకుండా నేను చెప్పినట్టు ఉత్త సగం సరుకుతోనే నడిపి ఉంటే? ఒక లెక్క ప్రకారం ఏమీ అయ్యేది కాదు. రెండో లెక్క ప్రకారం, ఆ అమ్మాయి మొహం ముడుచుకున్న ఆ లెక్క ప్రకారం, ఏదో ఒక రోజు రన్‌అవే వచ్చేదే. వస్తే కెటిల్ పగిలేదే. ఈ రెండు ఆలోచనలూ నిజమేనని ఆ రోజు అనిపించింది, ఇప్పుడూ అలాగే అనిపిస్తోంది. రెండూ నిజమెలా అవుతాయో నాకు అంతు పట్టదు.

హెడ్డాఫీసు నుంచి విచారణకి ఒక పెద్దమనిషి వచ్చాడు. మేనేజర్ అప్పటికే తేల్చేశాడు, అనుమతి లేకుండా నీళ్ళు పోయడమే కారణమని. ఆ మాట నిలబడితే ఇన్‌ఛార్జికి ఛార్జిషీటు తప్పదు, ఉద్యోగం కూడా పోతుంది. పెద్దమనిషి నన్ను ఒక్కటే అడుగుతానన్నాడు: నీళ్ళు కారణమా, కాదా.

విచారణకి ముందు రోజు ఆ అమ్మాయి లెక్కలన్నీ మళ్ళీ కట్టింది. నీళ్ళతో, నీళ్ళు లేకుండా, ఆవిరిగా, నురగగా, అన్ని రకాలుగానూ. ఏ ఒక్కటీ రెండోదానితో కలవలేదు. ల్యాప్‌టాప్ మూసేసి నా ఎదురుగా కూర్చుంది. కళ్ళలో నీళ్ళున్నాయి.

"ఏం చెప్తరు సార్?"

"తెలీదని చెబుతానమ్మా."

"తెలీదని చెప్పొచ్చా సార్? గంత సర్వీసు ఉండి?"

చెప్పొచ్చో లేదో నాకూ తెలియదు. సర్వీసంతా అడిగినదానికి ఏదో ఒకటి చెప్పి నెట్టుకొచ్చినవాణ్ణే. కానీ ఇక్కడ ఏదో ఒకటి చెబితే అది ఒక మనిషి మెడకి చుట్టుకుంటుంది. నీళ్ళు కాపాడాయని చెబితే అన్నయ్య బయటపడతాడు, నాకూ హాయి. రేపు ఇంకెవరో అది విని ప్రతి కెటిల్‌నీ నీళ్ళతో నింపితే? వాళ్ళని ఎవరు కాపాడతారు?

విచారణలో తెలీదన్నాను. పెద్దమనిషి నవ్వాడు, తర్వాత విసుక్కున్నాడు, తర్వాత నా అనుభవం గురించి ఒక మాట అన్నాడు. అది ఇక్కడ రాయను. నేను మళ్ళీ తెలీదన్నాను. నాకు తెలియదు, మీకూ తెలియదు, తెలియనిదాన్ని ఒకరి మీద నేరంగా రాయడానికి లేదన్నాను. పైన ఖాళీ ఉంచమని ఆయనకి ఎవరూ చెప్పలేదని కూడా అన్నాను. ఆ అమ్మాయి లేచి తన లెక్కలన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. ఇన్ని జవాబులు చూసి ఆయన తల పట్టుకున్నాడు. చివరికి కారణం నిర్ధారణ కాలేదని తేల్చి వెళ్ళిపోయాడు. ఇన్‌ఛార్జికి ఛార్జిషీటు రాలేదు.

గెలిచాననుకున్నాను. ఆ కబురు చెప్పడానికి పరిగెత్తుకుంటూ వెళ్ళాను. అన్నయ్య షెడ్ బయట అరుగు మీద కూర్చుని ఉన్నాడు. విని, షెడ్ లోపలికి చూస్తూ అన్నాడు.

"ఛార్జిషీటు ఇచ్చినా బాగున్ను తమ్ముడూ. నానేటి సేసినానో తెలిసీది."

ఆ మాట నాకు అప్పుడు కోపం తెప్పించింది. ఇంత పోరాడి నిలబెడితే ఇదా అనేది అనుకున్నాను. మనిషికి శిక్ష తప్పితే చాలని నేననుకున్నాను. ఆయన అడిగింది మాత్రం తను తప్పు చేశాడా మంచి చేశాడా అని. అమ్మవారు కాపాడిందని కాలనీలో అందరూ అంటుంటే ఆయన తల ఊపేవాడు కాదు, కాదనేవాడు కాదు. ఆ తర్వాత ప్లాట్‌ఫాం ఎక్కనని చెప్పి స్టోర్‌కి మార్పించుకున్నాడు. అక్కడే రిటైరయ్యాడు.

కెటిల్‌ని ఇక నడపడానికి వీల్లేదని నేను పట్టుబట్టాను. ఈసారి మేనేజర్ ఎదురు చెప్పలేదు. స్కూటర్ గుర్తొచ్చి ఉంటుంది. కొన్నాళ్ళకి దాన్ని అమ్మేశారు. వచ్చినట్టే లారీ మీద వెళ్ళిపోయింది. జరిగినదంతా కొన్నవాళ్ళకి చెప్పమని మేనేజర్‌కి మరీ మరీ చెప్పాను. చెప్పానన్నాడు. ఎవరికి చెప్పాడో, ఎంత చెప్పాడో, వాళ్ళకి ఏం అర్థమైందో నాకు తెలియదు. ఆ అమ్మాయి ఇప్పుడు పెద్ద కంపెనీలో ఇదే పని చేస్తోంది. అప్పుడప్పుడూ ఫోన్ చేసి కొత్త లెక్క ఏదో వచ్చింది సార్ అంటుంది. దాంతో మన కెటిల్ కట్టి చూశావా అని అడుగుతాను. చూశానంటుంది. ఇంకో జవాబు వచ్చిందంటుంది.

మొన్నామధ్య సదర్ బజార్‌లో అన్నయ్య కనిపించాడు. కర్ర పట్టుకుని నెమ్మదిగా నడుస్తున్నాడు. టీ కొట్టు దగ్గర కూర్చున్నాం. పిల్లల గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. మధ్యలో ఉన్నట్టుండి ఆగి, ఆ కెటిలు ఇప్పుడు ఎక్కడుందో అన్నాడు. నాకు తెలియదన్నాను. టీ గ్లాసు కింద పెట్టి మళ్ళీ అడిగాడు.

"రేపు మల్లీ అదే కెటిలు, అదే పొద్దు అనుకో. నీల్లు పొయ్యమంటావా, వద్దంటావా? తెలీదనకు."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో నాకు నిజంగా తెలిసిన ఒక్క ముక్క అప్పుడు నోటికొచ్చింది.

"నిన్ను ఆ ప్లాట్‌ఫాం పైన నిలబడొద్దంటాను అన్నయ్యా."

ఆయన నా మొహంలోకి చూశాడు. తేలిక పడతాడనుకున్నాను.

"అచ్ఛా. మరి పైన ఎవుడు నిలబడతన్నాడు తమ్ముడూ, ఇప్పుడు?"